ఇంట్లో అందరి మాటలూ మీ మీదుగానే వెళుతున్నాయా? మధ్యలోంచి తప్పుకోవడం ఇలా

"అమ్మ ఒకటంటుంది, తను ఇంకొకటంటుంది, మధ్యలో నేనేం చేయాలి?" బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లు ఇంటి విషయాల్లో పదేపదే అడిగే ప్రశ్న ఇది. మారతహళ్లి వైపో ఎలక్ట్రానిక్ సిటీ వైపో టూ బీహెచ్‌కే ఫ్లాట్. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. పాపను చూసుకోవడానికి అనంతపురం నుంచో నెల్లూరు నుంచో అమ్మ వస్తుంది. మొదటి నెల అంతా బాగానే ఉంటుంది. తర్వాత అత్తాకోడళ్లు ఒకే వంటింట్లో తిరుగుతూ, ఒకరికొకరు చెప్పుకోవాల్సింది ఆఫీసులో ఉన్న మనిషికి ఫోన్ చేసి చెప్పడం మొదలవుతుంది. అతని పని అడకత్తెరలో పోకచెక్క.

కింద రాసినదంతా ఆ మధ్యలో ఉన్న మనిషి కోసమే. చాలా ఇళ్లలో అది కొడుకు. కొన్నిచోట్ల తల్లికీ భర్తకీ మధ్య నలిగే కూతురు. ఇంకొన్నిచోట్ల మామగారికీ కోడలికీ మధ్య అత్తగారు. ఎవరైనా చేయాల్సిన పని ఒకటే.

మాట ఎలా మారిపోతుందో ముందు దగ్గరగా చూడండి. డిసెంబరు ఉదయం, పాప స్కూల్ వ్యాన్ ఎక్కింది. అమ్మ కొడుక్కి ఫోన్ చేసి, "ఒరే, చలిగాలి కొడుతోంది, పాపకి చెవులకి ఏమన్నా కట్టి పంపమను" అంది. అతను అప్పుడు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నాడు. సాయంత్రం భార్యతో, "పాపని చెవులకి ఏమీ కట్టకుండా పంపేస్తున్నావట, అమ్మ అంది" అన్నాడు. ఆమెకు వినిపించింది, "నీకు పిల్లని చూసుకోవడం రాదు" అని. ముఖం చిన్నబుచ్చుకుంది. అది చూసి అతను తల్లి దగ్గరికెళ్లి, "తను చూసుకుంటుందిలేమ్మా, నువ్వు పట్టించుకోకు" అన్నాడు. తల్లికి వినిపించింది, "నీకెందుకు" అని. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. పొద్దున ఊలు టోపీ గురించి బయల్దేరిన మాట రాత్రికి ఇద్దరు ఆడవాళ్ల గౌరవం దాకా వచ్చింది.

"పంపమను"లో చివరి "మను", "పంపేస్తున్నావట"లో చివరి "ట". ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. ఒకరి మాట ఇంకొకరి నోటి మీదుగా ప్రయాణిస్తోందని తెలుగులో ఈ రెండు ముక్కలే పట్టిస్తాయి. మనం లెక్కపెట్టబోయేది వీటినే.

సిద్ధాంతం ఇంత చాలు: ఇద్దరి మధ్య ఇబ్బంది పెరిగితే మూడో మనిషిని లాక్కుంటారు, దాంతో ఆ క్షణానికి బరువు తగ్గినట్టుంటుంది కానీ ఇద్దరి మధ్య ఉన్నది తేలదు. అమెరికన్ సైకియాట్రిస్టు ముర్రే బొవెన్ దీన్ని త్రికోణం అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో మనకు పనికొచ్చే ముక్క: మధ్యలో ఉన్న మనిషి ఇద్దరితోనూ సంబంధం తెంచుకోకుండా, మాటలు మోయడం మాత్రం మానేస్తే, ఆ ఇద్దరూ ఒకరివైపు ఒకరు తిరగక తప్పదు.

ఏమేం కావాలి

ఒక చిన్న నోట్‌బుక్, లేదా ఫోన్‌లో మీరు మాత్రమే చూసే నోట్. ఫ్రిజ్‌కి అంటించే చిన్న వైట్‌బోర్డు, మార్కర్. వారానికి రెండుసార్లు 15 నిమిషాలు, టీవీ, మిక్సీ, ఫోన్లు లేకుండా. మొత్తం ఆరు వారాలు. వారంలో తేలిపోతుందని మొదలుపెట్టేవాళ్లే రెండో వారంలో వదిలేస్తారు, ఎందుకంటే ఆ వారమే అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది.

మొదలుపెట్టేముందు మూడు విషయాలు చూసుకోండి

ఇంట్లో ఎవరైనా కొట్టడం, బెదిరించడం, డబ్బు లాక్కోవడం, బయటికి వెళ్లనివ్వకపోవడం ఉంటే ఈ పద్ధతి మీకోసం కాదు. అక్కడ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం ప్రమాదం. ఆడవాళ్లకు 181, పెద్దవాళ్లకు ఎల్డర్‌లైన్ 14567, అప్పటికప్పుడు సాయం కావాలంటే 112. మాటలతో వేధించడం కూడా 2005 నాటి గృహహింస చట్టం కిందికి వస్తుంది.

రెండోది వినికిడి. చాలామంది దీన్ని దాటేస్తారు, దయచేసి దాటకండి. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నటి శబ్దాలను మింగేస్తుంది. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. మగవాళ్ల బొంగురు గొంతు కన్నా ఆడవాళ్ల, పిల్లల సన్నటి గొంతు వినడం కష్టమవుతుంది. "కొడుకు చెబితే వింటారు, నేను చెబితే విననట్టు ఊరుకుంటారు" అని కోడలు బాధపడే ఇళ్లలో కొన్నిచోట్ల అసలు కారణం ఇదే. పరీక్ష తేలిక: పెద్దావిడ వెనకాల చేయి చాచితే అందేంత దూరంలో నిలబడి, ఒక చెవి మూసుకోమని, గుసగుసగా మూడు అంకెలు చెప్పి తిరిగి చెప్పమనండి. రెండో చెవికీ అలాగే. తడబడితే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర వినికిడి పరీక్ష (ఆడియోగ్రామ్) చేయించండి. ఆ లోపు కుక్కర్ విజిల్ వేస్తుండగా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుండగా, వెనకనుంచి మాట్లాడటం ఇంట్లో అందరూ మానేయండి.

మూడోది, అడిగిందే పది నిమిషాల్లో మళ్లీ అడగడం, తెలిసిన వస్తువుల పేర్లు మర్చిపోవడం, వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేకపోవడం. ఇవి స్వభావం కాకపోవచ్చు. ముందు డాక్టర్‌కి చూపించండి.

1. ఏడు రోజులు రాసుకోండి, ఏమీ మార్చకండి

మీ దగ్గరికి "మను", "ట" వచ్చిన ప్రతిసారీ ఒక వరుస రాయండి: ఎవరు, ఎవరికోసం, అన్న మాట ఉన్నదున్నట్టు, ఏ విషయం. మీరు ఇంకొకరికి మోసుకెళ్లిన మాట కూడా రాయండి. సిగ్గనిపించినా రాయండి, సగం వరుసలు అవే ఉంటాయి.

ఏడో రోజు రాత్రి ప్రతి వరుస పక్కనా ఒక అక్షరం పెట్టండి. సమాచారమైతే "స" (రేపు పనమ్మాయి రాదు, గ్యాస్ అయిపోయింది). విన్నపమైతే "వి" (చెవులకు కట్టమను). బాధైతే "బా" (నేను చేసిన కూర ఎవరూ ముట్టుకోలేదు). మూడింటికీ మందు వేరు. మీకు ఇన్నాళ్లూ ఇబ్బంది అయిందే ఇక్కడ: అన్నిటినీ ఒకే సంచిలో వేసుకుని మోశారు.

సాధారణంగా చేసే తప్పు: ఆ పుస్తకం తెచ్చి "చూడు, వారంలో నువ్వు నాకు పదకొండుసార్లు చెప్పావు" అని చూపించడం. అది మీ పుస్తకం. ఎవరికీ చూపించకండి, ఆరు వారాల తర్వాత చింపేయండి.

2. "స"లన్నీ బోర్డు మీదికి మార్చండి

ఇది తేలిక, ఒక్క రోజులో అవుతుంది. నందిని పాలు ఎన్ని ప్యాకెట్లు, వాటర్ ట్యాంకర్ ఎప్పుడు, వ్యాన్ ఎన్నింటికి, ఎవరు ఆలస్యంగా వస్తారు, అన్నీ బోర్డు మీద. ఎవరికి తెలిసింది వాళ్లే రాస్తారు.

బెంగళూరు ఇళ్లలో వచ్చే చిక్కు ఒకటుంది. అత్తగారికి తెలుగు చదవడమే వచ్చు, ఇక్కడే చదువుకున్న కోడలికి కన్నడం, ఇంగ్లీషే వచ్చు. అంకెలు, చిన్న బొమ్మలు వాడండి: పాల ప్యాకెట్ బొమ్మ పక్కన 3. కన్నడ లిపి వచ్చినవాళ్లకి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడం పెద్ద కష్టం కాదు, నాలుగు రోజుల్లో అలవాటవుతాయి. ఇంట్లో చదువురాని పెద్దలుంటే బోర్డు వద్దు. పొద్దున కాఫీ దగ్గర ఐదు నిమిషాలు అందరూ ఉన్నప్పుడు గట్టిగా చెప్పుకోవడం చాలు.

3. తప్పుకుంటున్నట్టు ఇద్దరికీ చెప్పండి, ఒకే రోజు, విడివిడిగా

ముందు మీ కన్నవాళ్లకి, తర్వాత మీ భార్యకో భర్తకో. ఈ వరుస ముఖ్యం. అటూ ఇటూ చేస్తే "ఆవిడ నూరిపోసింది" అనే మాట పడుతుంది.

తల్లితో ఇలా చెప్పొచ్చు: "అమ్మా, నువ్వు చెప్పిన మాట నేను సరిగ్గా చేర్చలేకపోతున్నాను. నా నోట్లో పడి అది మారిపోతోంది, దాంతో నీకు చెడ్డపేరు వస్తోంది. ఇకనుంచి తనకి చెప్పాల్సింది తనకే చెప్పు. నీకు బాధనిపిస్తే మాత్రం నాకు చెప్పు, వింటాను. కానీ తీసుకెళ్లి అక్కడ చెప్పను."

భార్యతో కూడా ఇవే వాక్యాలు. ఒక్క ముక్క కలపండి: "అమ్మ నిన్ను నేరుగా ఏమన్నా అడిగితే నా దగ్గరికి తేకుండా అక్కడే జవాబు చెప్పు. ఆ జవాబు ఏదైనా నేను మళ్లీ తవ్వను."

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, తప్పుని ఆ ఇద్దరిమీద పెట్టడం. "మీ ఇద్దరి గోల నావల్ల కాదు" అన్న వాక్యంతో మొదలైతే అక్కడితోనే ముగుస్తుంది. తప్పు మీరు మాటలు మోయడంలో ఉందని చెప్పండి, నిజం కూడా అదే. ఇంకో తప్పు, కోపంగా ఉన్న రోజే చెప్పడం. గొడవ జరిగి కనీసం రెండు రోజులు గడవాలి.

ఒక మినహాయింపు ఉంది. మీ తల్లిదండ్రులకు సంబంధించి మీరే తీసుకున్న నిర్ణయం (ఊరికి ఎంత పంపాలి, పండక్కి ఎప్పుడు వెళ్లాలి) మీరే మీ నోటితో చెప్పాలి. "తను వద్దంటోంది" అని భార్య పేరు వాడుకోకూడదు. అది మధ్యలోంచి తప్పుకోవడం కాదు, ఆమెను ముందుకు తోయడం.

4. మాట మళ్లీ వచ్చినప్పుడు ఏమనాలి

వస్తుంది. మొదటి పది రోజులు ఇంకా ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే అలవాటైన దారి మూసుకుంటే మనిషి ముందు ఆ తలుపునే గట్టిగా తడతాడు. అందుకని జవాబులు ముందే నోటికి రానివ్వాలి.

"వి" అయితే: "తను ఇక్కడే ఉందిగా, తనకే చెప్పమ్మా." ఇదొక్కటే. దీని వెనక ఉపన్యాసం వద్దు. మీరు ఆఫీసులో ఉంటే: "సాయంత్రం తనొచ్చాక నువ్వే చెప్పు, గుర్తుండకపోతే బోర్డు మీద గీత పెట్టు."

"బా" అయితే పది నిమిషాలు కూర్చుని వినండి. ఇక్కడ తొందర పనికిరాదు. "తను అలా అనుకుని ఉండదులే" అని రెండోవాళ్ల తరఫున వకాల్తా తీసుకోకండి. "అవును, తను అంతే" అని వంత పాడకండి. రెండిటికీ మధ్య మాటలున్నాయి: "పొద్దున్నుంచి నిలబడి చేసింది ఎవరూ ముట్టుకోకపోతే కష్టంగానే ఉంటుంది." అంతటితో ఆగండి. అమ్మలు చాలాసార్లు అడిగేది తీర్పు కాదు, నాలుగు నిమిషాలు కొడుకు పక్కన కూర్చోవడం. ఊరు వదిలి, తోటివాళ్లను వదిలి, పన్నెండో అంతస్తులో పగలంతా ఒక్కతే ఉండే మనిషికి ఫిర్యాదు చేయడం కూడా ఒక మాట్లాడుకోవడమే. ఫిర్యాదు లేకుండానే రోజూ పది నిమిషాలు మీరే వెళ్లి కూర్చుంటే, ఫిర్యాదుల్లో కొన్ని వాటంతటవే రాకుండా పోతాయి.

విన్నది అక్కడే ఉంచండి. "అమ్మ బాధపడింది తెలుసా" అని మంచి ఉద్దేశంతోనైనా పక్కగదికి తీసుకెళితే మూడు వారాల పని పోతుంది.

5. మొదటి నేరు మాట: 15 నిమిషాలు

పుస్తకంలోని "వి"లలో అన్నిటికన్నా చిన్నది ఎంచుకోండి. టోపీ, పాపకు ఫోన్ ఇవ్వడం, గీజర్ ఆపడం లాంటివి. డబ్బు, రెండో బిడ్డ, పుట్టింటివాళ్ల రాకపోకలు మొదటిసారికి వద్దు.

ఎదురెదురుగా సోఫాల్లో కూర్చోబెడితే పంచాయితీలా ఉంటుంది. పక్కపక్కన, చేతిలో పని ఉండేలా చూడండి. చిక్కుడుకాయలు ఒలవడమో బట్టలు మడతపెట్టడమో. చూపు పనిమీద ఉంటే నోరు తేలిగ్గా కదులుతుంది. ఆకలి వేళ, ఆఫీసు నుంచి రాగానే, సీరియల్ వేళ వద్దు. శనివారం పదకొండు గంటలు చాలా ఇళ్లలో కుదురుతుంది.

మీరు ఆ గదిలో ఉండకండి. పాపను తీసుకుని కింద పార్కుకి వెళ్లండి. ఇద్దరి మధ్య మాటే లేని స్థితి ఉంటే మొదటిసారి గదిలో ఉండండి, కానీ మీకు ఒకే వాక్యం అనుమతి: "అది తనకే చెప్పు." వచ్చాక "ఏమైంది, ఏమంది" అని ఆరా తీయకండి. అలా అడగడమంటే మళ్లీ మధ్యలోకి రావడమే.

మాట కూర్పు మూడు ముక్కలు: కళ్లతో చూసింది, నాకు అనిపించింది, అడిగేది. ఇద్దరికీ ముందురోజు విడిగా చెప్పి ఉంచండి.

కోడలు: "అత్తయ్యా, నిన్న పాప అన్నం తింటుంటే ఫోన్ పెట్టారు. రాత్రి పడుకునేటప్పుడు మళ్లీ ఫోన్ కావాలని గంటసేపు ఏడ్చింది. నాకు భయమేసింది. ఈ వారం మధ్యాహ్నం ఫోన్ లేకుండా తినిపించి చూద్దామా?"

అత్తగారు: "అమ్మాయ్, పొద్దున పాప టోపీ లేకుండా వ్యాన్ ఎక్కింది. చెవిపోటు వస్తుందేమోనని నాకు దిగులు. చలి తగ్గేదాకా ఆ ఊలు టోపీ పెట్టి పంపుదామా?"

పోల్చి చూడండి: "మీరెప్పుడూ దానికి ఫోన్ ఇచ్చేస్తారు." ఇందులో "ఎప్పుడూ" ఉంది కాబట్టి అవతలివాళ్లు ఫోన్ గురించి కాకుండా, ఇవ్వని రోజుల గురించి వాదిస్తారు.

తెలుగులో కొన్ని చిన్న మాటలు పెద్ద పని చేస్తాయి, మంచికీ చెడుకీ. "మేము ఇలా పెట్టం" అంటే ఎదుటి మనిషి ఆ "మేము" బయట నిలబడుతుంది. అదే "మనం" అయితే లోపలికి వస్తుంది. "మా ఇంట్లో అయితే" అన్న మాట రెండు వైపులా నిషేధించండి. మర్యాదకు వాడే "మీరు" కూడా, "మీరు ఇంతే" అన్నప్పుడు ఆవిడ ఒక్కదానికే కాక వాళ్ల వంశానికంతా తగులుతుంది. "సరే" ఒప్పుకోలు, "సరేలే" అలక. "సరేలే" వినబడితే విషయం తేలలేదని అర్థం. "మీ ఇష్టం", "నాదేముంది" అని వస్తే దాన్ని అంగీకారంగా తీసుకుని లేచిపోకండి. రెండు దారులు ముందు పెట్టి అడగాలి: "పొద్దున టోపీ మీరు పెడతారా, నన్ను పెట్టమంటారా? ఏది తేలిక అత్తయ్యా?"

ఇంకో అలవాటు, గిన్నె గట్టిగా పెట్టడం, పిల్లని కసరడం, ఎవరూ లేని వైపు తిరిగి "కొంతమందికి ఎంత చేసినా..." అనడం. అత్త మీద కోపం దుత్త మీద చూపడం. అది వినగానే జవాబివ్వకండి. పది నిమిషాలాగి, దగ్గరికెళ్లి, "నాతో ఏమన్నా చెప్పాలనుకున్నారా?" అని మామూలు గొంతుతో అడగమని కోడలికి చెప్పండి. "ఏం లేదు" అనే జవాబు వస్తే దాన్ని అలాగే వదిలేయాలి. రెండు మూడుసార్లు అలా అడిగాక నేరుగా చెప్పడం మొదలవుతుంది. ఇదే పని కోడలు చేస్తే అత్తగారు కూడా ఇలాగే అడగాలి.

6. మాట వేడెక్కితే

గొంతు పెరగడం, ముఖం ఎర్రబడటం, చెప్పిందే మళ్లీ చెప్పడం కనబడితే ఆపండి. దంపతుల మాటతీరు మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ సైకాలజిస్టు జాన్ గాట్‌మన్ చెప్పే లెక్క ప్రకారం, గుండె నిమిషానికి వందసార్లు దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటి మాట సరిగ్గా ఎక్కదు, ఒళ్లు చల్లబడటానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది.

విరామానికీ అలకకీ తేడా ఒక్కటే: తిరిగి వచ్చే టైము చెప్పడం. "నాకు ఇప్పుడు కోపంగా ఉంది. ఐదున్నరకి కాఫీ పెట్టుకుని మాట్లాడదాం." ఆ 20 నిమిషాల్లో చెల్లెలికి ఫోన్ చేసి చెప్పుకుంటే ఒళ్లు చల్లబడదు, ఇంకో త్రికోణం పుడుతుంది. బట్టలు ఆరేయండి, టెర్రస్ మీద నడవండి. ఐదున్నరకి తప్పకుండా రండి, రెండు మాటలకైనా.

7. ఊళ్లో ఉన్నవాళ్లు, ఫోన్లు

ఇంట్లో దారి మూస్తే మాట కడప మీదుగా తిరిగి వస్తుంది. అమ్మ కడపలో ఉన్న కూతురికి చెబుతుంది, ఆ కూతురు తమ్ముడి భార్యకి ఫోన్ చేస్తుంది: "ఏంటట, అమ్మకి టిఫిన్ పదింటికి పెడుతున్నావట?" ఇలా వచ్చే "ట"కి కోడలు చెప్పాల్సిన జవాబు: "ఆ సంగతి అత్తయ్యతో నేనే మాట్లాడతాను వదినా. మీరెలా ఉన్నారు?" సంజాయిషీ ఇవ్వకూడదు. ఆ సాయంత్రమే అత్తగారి దగ్గరికెళ్లి, వదిన పేరెత్తకుండా, "టిఫిన్ మీకు ఎన్నింటికి కావాలి అత్తయ్యా?" అని అడగాలి. అక్కకి మీరు కూడా మూడో అంచెలోని మాటలే విడిగా చెప్పండి.

ఫోన్ స్పీకర్‌లో పెడితే మొదటి వాక్యంలోనే చెప్పాలి, "స్పీకర్‌లో పెట్టాను, తనూ ఉంది." చెప్పకపోతే, తర్వాత తెలిసిన రోజు నమ్మకం పోతుంది. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో ఎవరినో ఉద్దేశించి సూక్తులు పెట్టడం, స్టేటస్‌లో ఎత్తిపొడుపులు మానేయమని అందరూ ఒప్పుకోండి. బాధ చెప్పుకోవాల్సి వస్తే టైపు చేయకుండా గొంతుతో చెప్పండి. రాసిన మాటకి గొంతు ఉండదు, చదివేవాళ్లు తమ మనసులో ఉన్న గొంతునే దానికి తగిలిస్తారు.

8. పిల్లల చేత మోయించకండి

"మీ నాన్నని అన్నానికి రమ్మను" మామూలు మాటే. కానీ ఇద్దరూ మాట్లాడుకోని రోజు అదే మాట పిల్ల మీద బరువు. నాన్నమ్మకి ఇంగ్లీషు రాదు, పాపకి తెలుగు తడబాటు అని పాపచేత పెద్దల మాటలు అనువదింపజేయడమూ అంతే. పాప మాటను మోసుకొస్తే, "సరే బంగారం, నేను నాన్నమ్మని అడుగుతాను" అని అక్కడే దించేయండి.

పద్ధతి మార్చుకోవాల్సిన సందర్భాలు

మామగారితో కోడలు నేరుగా మాట్లాడే అలవాటు లేని ఇళ్లున్నాయి. దాన్ని బద్దలు కొట్టాల్సిన పనిలేదు. అత్తగారే చెప్పొచ్చు, కానీ ముగ్గురూ వినేచోట, అప్పటికప్పుడు. పోవాల్సింది మధ్యవర్తి కాదు, చాటు. చాటు లేకపోతే మాట మారదు.

మీరే కోడలై ఉండి, భర్త మధ్యలోంచి తప్పుకోనంటే? మీవైపు నుంచి మొదలుపెట్టండి. అతను "అమ్మ అందట" అని తెస్తే అతనికి జవాబివ్వకండి. అతని మీద కోపం కూడా వద్దు. "అవునా, అత్తయ్యని అడుగుతాను" అని, ఆ రోజు నిద్రపోయేలోపు వెళ్లి అడగండి. మీ మాట కూడా అతని చేత పంపకండి. ఇలా నెమ్మదిగా జరుగుతుంది, మూడు నెలలు కూడా పట్టొచ్చు, కానీ జరుగుతుంది.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

మూడో వారం, ఆరో వారం, మళ్లీ రెండేసి రోజులు "మను", "ట" లెక్కపెట్టి మొదటి వారంలో ఏవైనా రెండు రోజులతో పోల్చండి. మూడో వారానికి "స"లు దాదాపు సున్నాకి రావాలి. రాకపోతే బోర్డు తప్పుచోట ఉందేమో చూడండి. "వి"లు ఆరో వారానికి సగానికి దిగితే మంచి ఫలితం. "బా"లు తగ్గకపోవచ్చు, వాటిని తగ్గించడం మన లక్ష్యం కూడా కాదు. అవి మీ దగ్గరే ఆగుతున్నాయా అన్నదే చూడాలి.

లెక్కలో పట్టని గుర్తులూ ఉంటాయి. మీరు ఇంటికొచ్చేసరికి ఇద్దరూ ఒకే గదిలో ఉండటం. ఏదో ఒకటి మీకు చెప్పకుండానే తేల్చేసుకోవడం, అది మీకు వారం తర్వాత తెలియడం. ఇద్దరూ నేరుగా చిన్నగా గొడవపడటం కూడా మంచి గుర్తే. చాలామంది దాన్ని చూసి భయపడి మళ్లీ మధ్యలోకి దూకుతారు. గొంతులు పెరిగినా అరగంటలో మామూలుగా మాట్లాడుకుంటున్నారంటే దూకకండి. రెండు రోజులు దాటినా మాటలు లేకపోతే ఐదో అంచె మళ్లీ ఏర్పాటు చేయండి, ఇంకా చిన్న విషయంతో.

ఆరు వారాలైనా ఏమీ కదలకపోతే, లేదా ఎవరికైనా నిద్ర, తిండి పోయి నీరసించిపోతుంటే, బయటి సాయం తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులోనే ఉన్న మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఫ్యామిలీ సైకియాట్రీ సెంటర్ ఉంది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు "అమ్మకి చూపిద్దాం", "తనకి చూపిద్దాం" అనకండి. "మన ముగ్గురం వెళదాం" అనండి.

సంక్రాంతికి అమ్మ ఊరెళ్లి, నెలో రెండు నెలలో ఉండి తిరిగి వస్తుంది. అప్పుడు పాత దారి మళ్లీ తెరుచుకుంటుంది, చాలా ఇళ్లలో వచ్చిన మూడో రోజుకే. కంగారుపడకండి, అంతా మొదటినుంచి చేయనక్కర్లేదు. బోర్డు తుడిచి కొత్తగా రాయండి, మొదటి శనివారమే చిక్కుడుకాయల పళ్లెం ఇద్దరి మధ్యా పెట్టి మీరు పాపతో పార్కుకి వెళ్లండి.